రుచికి ఆకలి తెలుసా?

మనవాళ్ళకో అలవాటుంది. ఎవరే ఊరు వెళ్ళొచ్చినా ముందుగా అడిగేది, "అక్కడ ఏది బాగుంటుంది?" అని. కంచి వెళ్ళొచ్చిన వాళ్ళని ఏ కొట్లో చీరలు బాగుంటాయని అడుగుతాం. మద్రాసు వెళ్ళొచ్చిన వాళ్ళని ఏ డాక్టరు హస్తవాసి మంచిదని అడుగుతాం. నేను లండన్ వెళ్ళొచ్చాక మా వీధి ఆడవాళ్ళు రాజుగారి మేడ సంగతి అడగలేదు, థేమ్సు నది సంగతి అడగలేదు. "మూడు వారాలున్నారు కదా, తిండి మాటేమిటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మనం ఎంత చదువుకున్నా మన ఆలోచన వంటింటి గుమ్మం దాటి ఎంతో దూరం పోదు.

"బాగానే తిన్నాను. హోటళ్ళలో తిన్నాను" అని చెప్పాను.

"అన్నిటికంటె ఎక్కడ బాగుంది?" అన్నారు.

అక్కడ వచ్చింది చిక్కు. చటుక్కున జవాబు రాలేదు. జవాబు వెతుక్కోబోయి ఒక ధర్మసందేహంలో పడ్డాను. మీరేమైనా తీరుస్తారేమోనని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా చెల్లెలూ, మరిదీ లండన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పోయిన ఏడాది అక్టోబరులో వాళ్ళింటికి వెళ్ళాను. వెళ్ళిన రోజునే మా చెల్లెలు ఒక జాబితా నా చేతిలో పెట్టింది. లండన్ నగరంలోకెల్లా మంచి మధ్యధరా హోటళ్ళట.

"నువ్వు శాకాహారివి కదక్కా! ఇంగ్లీషువాళ్ళ వంటల్లో నీకు దొరికేది ఉడకేసిన బంగాళాదుంపే. ఇవైతే మన నోటికి పడతాయి" అంది.

మధ్యధరా సముద్రం అంటే నాకు హైస్కూలు పటంలో ఇటలీ బూటుకాలు జాపుకుని నిలబడ్డ చోటని మాత్రమే జ్ఞాపకం. ఆ సముద్రం చుట్టూ ఇటలీ, స్పెయిన్, గ్రీసు, టర్కీ, లెబనాన్, పాలస్తీనా, ఈజిప్టు, మొరాకో ఇలా ఎన్నో దేశాలున్నాయి. అన్ని దేశాల వంటలకీ కలిపి ఒక్క పేరు పెట్టడం, తంజావూరు నుంచి కటకం దాకా వండేవాటన్నిటికీ బంగాళాఖాతం వంటలని పేరు పెట్టినట్టుంది. కాకపోతే వాళ్ళకి కొంత ఉమ్మడి ఆస్తి లేకపోలేదు. ఆలివ్ నూనె, గోధుమ, శనగలు, వంకాయ, వెల్లుల్లి, నిమ్మకాయ. ఇవి అన్ని ఇళ్ళలోనూ ఉన్నవే.

జాబితాలో కొన్ని పేర్ల పక్కన నక్షత్రం గుర్తులున్నాయి. "ఇవెవరు ఇచ్చారే?" అన్నాను.

"మిషెలిన్ వాళ్ళు."

"వాళ్ళు పెద్ద వంటవాళ్ళా?"

"కాదు, కార్ల టైర్లు చేసేవాళ్ళు."

నన్నాట పట్టిస్తోందనుకున్నాను. నిజమేనట. 1900లో ఫ్రాన్సులో ఆ టైర్ల కంపెనీ, దారిలో ఎక్కడ ఆగచ్చో, ఎక్కడ తినచ్చో చెప్పే చిన్న పుస్తకం అచ్చువేసి కార్లున్న వాళ్ళకి ఊరికే పంచిపెట్టింది. కార్లు తిరిగితే టైర్లరుగుతాయి. అరిగితే కొత్తవి కొంటారు. 1926 నుంచి మంచి హోటళ్ళకి నక్షత్రాలు వెయ్యడం మొదలుపెట్టారు. మూడు నక్షత్రాలంటే, ఆ భోజనం కోసమే పనిగట్టుకుని ప్రయాణం చెయ్యచ్చని అర్థం. మా మేనత్త గుత్తివంకాయ కోసం మేం కాలవ గట్టున రెండు మైళ్ళు పనిగట్టుకుని నడిచేవాళ్ళం. అరిగినవి చెప్పులు కనక ఆవిడకి నక్షత్రం రాలేదు. ఉత్తమమైనదేదో తేల్చేవాళ్ళకి సొంత లెక్కలుంటాయని నాకు మొదట తట్టింది అప్పుడే.

మొదటి శనివారం గ్రీన్ లేన్స్ అనే వీధికి తీసికెళ్ళింది. వీధి పొడుగునా టర్కీవాళ్ళ హోటళ్ళే. ఒకదాని అద్దాల కిటికీలో, వచ్చేపోయేవాళ్ళకి కనిపించేటట్టు, తలకి గుడ్డ కట్టుకున్న ఒక పెద్దావిడ పీటముందు కూచుని రొట్టెలు ఒత్తుతోంది. ఆవిడ చేతిలోని కర్ర మన అప్పడాల కర్రలో సగం లావు, రెండింతలు పొడుగు. రుమాలులా పల్చగా సాగదీసి, మధ్యలో పాలకూరా, తెల్లటి జున్నూ పెట్టి మడిచి పెనం మీద వేస్తోంది. ఆవిడని చూస్తే మా ఊళ్ళో వరసగా కూచుని అప్పడాలొత్తే పిన్నమ్మలంతా గుర్తుకొచ్చారు. లోపల గల్లాపెట్టె దగ్గర మాత్రం మీసాలాయన కూచున్నాడు. ఆ సంగతిలోనూ దేశాల మధ్య పెద్ద తేడా కనిపించలేదు.

ఆ ప్రాంతంలోనే సైప్రస్ నుంచి వచ్చిన గ్రీకులూ, టర్కులూ కూడా స్థిరపడ్డారు. 1974లో వాళ్ళ ద్వీపం రెండు ముక్కలైంది. అక్కడ ఇటువాళ్ళు అటు పోకుండా కంచె పడితే, ఇక్కడ ఒకే వీధిలో పక్కపక్కన కూరలు బేరమాడుకున్నారు.

మరోరోజు ఎడ్జ్‌వేర్ రోడ్డు. అక్కడ లెబనాన్ వాళ్ళ హోటళ్ళు. 1975 నుంచి 1990 దాకా వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం జరిగింది. ఇళ్ళూ వాకిళ్ళూ వదులుకొచ్చిన వాళ్ళలో కొందరు ఇక్కడ పొయ్యి వెలిగించుకున్నారు. శనగలు మెత్తగా ఉడికించి నువ్వుల ముద్దతో రుబ్బిన హమ్మస్ వచ్చింది. దాని పక్కన వంకాయ. నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, నలిపి, నువ్వుల ముద్దా నిమ్మరసం వేసి కలిపారు. నాలిక మీద పెట్టుకోగానే, "ఒసే, ఇది అమ్మ చేసే వంకాయ బండపచ్చడే! చింతపండొకటి తక్కువ" అన్నాను. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

నాటింగ్ హిల్‌లో ఉన్న ఒక కొట్టు కథ ఇంకా ముచ్చటైనది. యోతామ్ ఒట్టొలెంఘి, సామి తమీమి అని ఇద్దరున్నారు. ఇద్దరూ జెరూసలేములో ఒకే ఏడాది పుట్టారు. ఒకరు పడమటివైపు యూదుల ఇంట్లో పెరిగారు, మరొకరు తూర్పువైపు పాలస్తీనా ముస్లిముల ఇంట్లో. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఒకరికొకరు తెలీదు. 1999లో లండన్ వంటింట్లో పరిచయమై, 2002లో కలిసి ఈ కొట్టు పెట్టారు. 2012లో తమ ఊరి పేరుతోనే వంటల పుస్తకం రాశారు. హమ్మస్ ఎవరిదని అక్కడ జనం వాదించుకుంటారు. వీళ్ళు కలిసి రుబ్బారు. కలిసి రుబ్బితే యుద్ధాలు ఆగిపోతాయని నేననను. అంత అమాయకత్వం మన కాలంలో చెల్లదు. కాని తిన్నప్పుడు బాగుందనిపించింది.

ఇంగ్లీషువాళ్ళకీ రుచులు ఎప్పుడు అలవాటయ్యాయా అంటే, అదో చిత్రమైన కథ. 1950లో ఎలిజబెత్ డేవిడ్ అనే ఆవిడ మధ్యధరా వంటల గురించి ఒక పుస్తకం రాసింది. అప్పటికి యుద్ధం ముగిసి అయిదేళ్ళయినా బ్రిటన్‌లో తిండికి రేషను నడుస్తోంది. 1954 దాకా నడిచింది కూడా. ఆలివ్ నూనె కావాలంటే మందులషాపుకి వెళ్ళి, చెవిపోటుకి వేసుకునే చిన్న సీసా కొనుక్కోవాలి, మనం ఆముదం కొనుక్కున్నట్టు. ఆవిడ చెప్పిన వంటలు చాలామంది వండలేదు, చదువుకున్నారంతే. ఎండనీ, నిమ్మకాయలనీ, వెల్లుల్లినీ కాగితం మీద తిన్నారు. ఆ పుస్తకం గురించి విన్నప్పుడు, ఆకలిగా ఉన్నవాళ్ళకే రుచుల సంగతి బాగా తెలుస్తుందేమోననిపించింది. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న మన సామెత కొంచెం సర్దుకోవాలేమో అనుకున్నాను కూడా.

అసలు సంగతి మూడోవారంలో జరిగింది.

చెల్లెలి పెళ్ళిరోజని మరిది మమ్మల్నొక ఇటలీ హోటలుకి తీసికెళ్ళాడు. పేరు చెప్పను, అవసరం లేదు. తెల్లటి దుప్పటి పరిచిన బల్ల, గాజు గ్లాసులో ఒకే ఒక్క పువ్వు. వెయిటరు కుర్రాడు పొడుగ్గా నిలబడి, మాంసం లేనివి ఏవేవున్నాయో వివరంగా చెప్పుకొచ్చాడు. అందులో రిబొల్లీట అని ఒకటి. టస్కనీ ప్రాంతం వంట. ఆ మాటకి అర్థం "మళ్ళీ మరగబెట్టింది" అని. నిన్న మిగిలిన కూరగాయల పులుసులో, ఎండిపోయిన రొట్టె తుంచి వేసి, చిక్కుడు గింజలూ, నల్లగా ఉండే ఒక ఆకుకూరా వేసి, మళ్ళీ పొయ్యి మీద పెడతారు. తినేముందు పైన ఆలివ్ నూనె పోస్తారు.

"మా బీద రైతులు తినేదండీ, మా అమ్మమ్మ చేసేది" అన్నాడు ఆ కుర్రాడు, తలెత్తుకుని.

తెప్పించుకున్నాను. బాగుంది. నిజంగా బాగుంది. సగం తిన్నాక మరిది బిల్లు కడుతుంటే ఓరగా చూశాను. ఆ పులుసు గిన్నె డబ్బుతో మా ఇంట్లో వారం రోజుల కూరలొస్తాయి. "రూపాయల్లోకి మార్చకక్కా, మారిస్తే ముద్ద దిగదు" అంది చెల్లెలు. అది అనుభవం మీద చెప్పిన మాట. కాని నాకు ముద్ద దిగకపోవడానికి కారణం ధర కాదు. "నిన్న మిగిలింది" అన్న మాట గొంతుకడ్డం పడింది.

నేను బి.ఏ. రెండో సంవత్సరం చదివేటప్పుడు సంక్రాంతి సెలవులకి నా స్నేహితురాలు మా పల్లెటూరొచ్చింది. బెజవాడ పిల్ల. వాళ్ళ నాన్నగారు ప్లీడరు. మేం ఆరుగురం పిల్లలం, ఒక్క జీతం. పొద్దున్నే లేచి పెరట్లోకి వచ్చేసరికి అమ్మ నూతిగట్టు పక్క అరుగు మీద కూచుని, కంచుగిన్నెలో చద్దన్నం తింటోంది. పక్కన ఉల్లిపాయ ముక్క, మాగాయ టెంక. మామూలుగా రోజూ తినేదే. ఆవేళ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంకో నిమిషంలో ఆ పిల్ల లేచి వస్తుంది.

"అమ్మా, లోపలికెళ్ళి తినకూడదూ!" అన్నాను.

అమ్మ నా మొహంలోకి ఒకసారి చూసి, గిన్నె పట్టుకుని చీకటి కొట్టులోకి వెళ్ళిపోయింది. మాకు ఆవిడే వేడిగా ఉప్మా చేసి పెట్టింది. తింటూ తింటూ నా స్నేహితురాలు, "మీ అమ్మగారు టిఫిను తినరా?" అనడిగింది.

"అమ్మకి ఇవాళ ఉపవాసం" అన్నాను.

కొట్టు తలుపు ఓరగానే ఉంది. అమ్మ వినే ఉంటుంది. ఏనాడూ ఆ మాటెత్తలేదు.

చూశారా, ఆ వెయిటరు కుర్రాడు పరాయి దేశంలో, కోట్లున్న వాళ్ళ ముందు, మా అమ్మమ్మ నిన్నటి పులుసు మళ్ళీ మరగబెట్టి పెట్టేదని గట్టిగా చెప్పాడు. నేను ఒక ప్లీడరుగారి అమ్మాయి ముందు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి మనసు బాగులేక ఏదో అంటే చెల్లెలు ఓదార్చబోయింది. "నువ్వనవసరంగా బాధపడకు. అవన్నీ ఆరోగ్యానికి ఎంతో మంచివని డాక్టర్లే చెప్పారు" అంది. చెప్పిన మాట వాస్తవమే. ఏన్సెల్ కీస్ అని అమెరికా శాస్త్రజ్ఞుడు, 1958లో మొదలుపెట్టి ఏడు దేశాల్లో గుండెజబ్బుల మీద పరిశోధన చేయించాడు. గ్రీసు దగ్గర క్రీట్ ద్వీపంలో రైతులకి ఆ జబ్బు చాలా తక్కువ. వాళ్ళ తిండి రొట్టె, ఆకుకూరలు, గింజలు, ఆలివ్ నూనె. మాంసం ఎప్పుడో పండక్కి. ఇంకేం, లోకమంతా ఆ తిండి గొప్పదంది. 2010లో యునెస్కో కూడా దాన్ని మానవజాతి వారసత్వంలో చేర్చింది. 2013లో పోర్చుగల్‌ని కూడా కలుపుకున్నారు. ఆ దేశానికి మధ్యధరా ఒడ్డే లేదు. పేరు వచ్చాక చుట్టాలవడానికి ఒడ్డుతో పనేముంది!

ఇందులో రెండు సంగతులు నన్ను వదలలేదు. ఆ ఏడు దేశాల పరిశోధనలో లెక్కలోకి తీసుకున్నది మగవాళ్ళనే. వండిన వాళ్ళ గుండెలెలా ఉన్నాయో అప్పుడెవరూ చూడలేదు. రెండోది, దానికి పదేళ్ళ ముందే, 1948లో, రాక్‌ఫెల్లర్ సంస్థవాళ్ళు అదే క్రీట్ ద్వీపంలో ఇంటింటికీ తిరిగి మీ తిండి ఎలా ఉందని అడిగారు. ఎక్కువమంది చాలడం లేదన్నారు. మాంసం కావాలన్నారు. డాక్టర్లు ఏది మంచి తిండన్నారో, తింటున్నవాళ్ళకి అది లేమి.

మన సంగతి మాత్రం వేరా? రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణాలో జొన్నరొట్టె తిన్నవాళ్ళు వరన్నం కోసం పండగదాకా ఎదురుచూసిన రోజులు మన పెద్దలకింకా గుర్తే. వరన్నం తినేవాళ్ళు వాళ్ళని చిన్నచూపు చూసిన సంగతీ గుర్తే. 2023ని మనదేశం కోరిక మీద ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో సంకటి ముద్ద మీద నెయ్యి గుంట చేసి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి ఇస్తున్నారు. షుగరొచ్చిన వాళ్ళం ఆ ముద్ద తిని, మన పూర్వులెంత తెలివైనవాళ్ళో అని మెచ్చుకుంటున్నాం. పూర్వులది తెలివో, గతిలేకపోవడమో ఎవరినడగాలి?

నా ధర్మసందేహం ఇదీ. ఒకరి లేమిలో పుట్టిన తిండిని ఇంకొకరు కలిమిలో రుచి చూసి, ఇదే ఉత్తమం అనచ్చునా?

మా చెల్లెలు ఇలాంటివి ఊరుకోదు. "అయితే తినకూడదంటావా? మనం తినకపోతే కిటికీలో రొట్టెలొత్తే ఆవిడకి జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? లెబనాన్ వాళ్ళు ఏం పెట్టి పిల్లల్ని చదివించుకుంటారు?" అంది. నిజమే. అంతేకాదు, ఆ ఊళ్ళోనే రివర్ కేఫ్ అని పేరు పొందిన హోటలుంది. 1987లో రూత్ రోజర్స్, రోజ్ గ్రే అనే ఇద్దరు ఆడవాళ్ళు పెట్టారు. వంట చదువుకున్న వాళ్ళు కారు. రూత్‌గారి భర్త ఆఫీసులో పనిచేసే ఇంజనీర్లకీ, ఇళ్ళ నక్షాలు గీసేవాళ్ళకీ మధ్యాహ్నం భోజనం పెట్టడంతో మొదలైంది. రూత్‌గారి అత్తగారు ఇటలీ మనిషి. ఇటలీ పల్లెల ఇళ్ళలో ఆడవాళ్ళు వండేవి, రొట్టె వేసిన పులుసులతో సహా, దాచకుండా, ఉన్న పేరుతోనే బల్ల మీద పెట్టారు. దానికి నక్షత్రం కూడా వచ్చింది. ఇంట్లో ఎవరూ మెచ్చుకోని పనిని నలుగురి మధ్యకి తెచ్చి గౌరవం ఇప్పించడం తప్పెలా అవుతుంది? కాదు. డబ్బు పెట్టి తినడమూ తప్పు కాదు.

మరి నన్ను పొడుస్తున్నదేమిటి? ఆలోచిస్తే తేలింది. ఇవాళ నేను నలుగురిలో కూచుని, చద్దన్నం ఎంత మంచిదో, మా అమ్మ రోజూ తినేదని గర్వంగా చెప్పగలను. చెప్పాను కూడా, సభల్లో. అదేం గొప్ప? డాక్టర్లు మెచ్చుకున్నాక, హోటళ్ళు ధర కట్టాక చెప్పడం సులువు. పెద్దల మాట చద్దిమూట అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లకి, ఆ మూట విప్పి తినే మనిషిని తన తల్లి అని చెప్పుకోవడానికి ధైర్యం చాల్లేదు. నక్షత్రం రాకముందు గుర్తుపట్టేదే కదా గౌరవమంటే!

మర్నాడు లండన్ నుంచే అమ్మకి ఫోను చేశాను. డెబ్భై దాటాయి, చెవి కొంచెం మందం. పులుసు సంగతీ, రొట్టె సంగతీ అరిచి చెప్పాను. "నిన్నటి రొట్టెకి అంత డబ్బా?" అని నవ్వింది.

"అమ్మా, నీకు చద్దన్నం ఇష్టంగా ఉండేదా?" అనడిగాను.

"ఇష్టమేమిటే? పారేస్తే పాపం కదా. మీరంతా తినగా మిగిలింది తినేదాన్ని. వేడన్నం ఎవరికి చేదు?"

నేను సభల్లో చెప్పిన గొప్పలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. కాసేపాగి, ఇరవై ఏళ్ళుగా అడగలేనిది అడిగేశాను. "నా స్నేహితురాలొచ్చినప్పుడు నీకు ఉపవాసమని చెప్పాను. గుర్తుందా?"

"గుర్తులేకేం. ఆ అమ్మాయి ఉన్న నాలుగు రోజులూ పొద్దునపూట ఏమీ తినలేదు. ఒక్కరోజు తిన్నా నీ మాట అబద్ధమైపోదూ!" అంది, ఏమీ జరగనట్టు. "ఇంతకీ ఆ అమ్మాయెక్కడుందే? పిల్లలెంతమంది?"

నేనేమీ మాట్లాడలేకపోయాను. మాట వినపడ్డం లేదనుకుని అమ్మే ఫోను పెట్టేసింది.

ఆకలి రుచెరగదన్న సామెత పుట్టించినవాళ్ళు తెలివైనవాళ్ళే. దానికి రెండోసగం ఒకటి కలపాలని నాకనిపిస్తుంది. రుచికైనా ఆకలి తెలిసుండాలి. ఏ వంట తింటున్నా, ఇది ఎవరింట్లో ఎవరి కోసం ఎందుకు పుట్టిందో ఒక్క క్షణం తలుచుకుంటే, తిన్నది హోటల్లోనైనా ఒంటపడుతుంది.

ఊరొచ్చాక అమ్మ దగ్గరికి వెళ్ళి, తెల్లారేసరికి లేచి వండాను. కాల్చిన వంకాయ పచ్చడి, పప్పు, పొగలొచ్చే అన్నం. ముందు అమ్మని కూచోబెట్టి వడ్డించి, పక్కన నిలబడ్డాను. రెండు ముద్దలు తిని, "పచ్చట్లో ఉప్పు చాలలేదే. నువ్వూ పెట్టుకో, చల్లారిపోతుంది" అంది. నక్షత్రమేదీ ఇవ్వలేదు.

మా వీధివాళ్ళడిగిన ప్రశ్నకి జవాబు నా దగ్గర ఇంకా లేదు. మీ ఇంట్లో వేడన్నం అందరికంటె ఆఖరున తినేదెవరో ఒక్కసారి చూసుకుని, మీరే చెప్పండి.